చూరున మంచు కట్ట కడితే: యాటిక్ పనా, హీట్ కేబులా, షింగిల్స్ కింద మెంబ్రేనా?

జనవరి చివర్లో హాల్లో సీలింగ్ మీద టీ రంగు మరక కనబడితే మనవాళ్లకు తోచే మొదటి మాట, "కప్పు లీకవుతోంది, పైన ఏదో పూయించాలి." డాబా ఇళ్లలో పెరిగినవాళ్లకు అది సహజం. స్లాబ్ మీద నీళ్లు నిలిచినా ఆపగలగాలి, ఆపలేకపోతే పైన వాటర్‌ప్రూఫింగ్ పూస్తాం. న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో మసాచుసెట్స్‌లోనో మీరు కొన్న ఇల్లు డాబా కాదు, పెంకుటిల్లు. షింగిల్స్ కూడా పెంకుల్లాగే ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. జారిపోయే నీటిని అవి లోపలికి రానివ్వవు, కానీ చూరు దగ్గర అడ్డుపడి వెనక్కి ఎదురెక్కే నీటిని ఆపడం వాటివల్ల కాదు. చలికాలంలో ఆ అడ్డు పేరే ఐస్ డ్యామ్.

దీనికి మార్కెట్లో అమ్మే మందులు చాలా ఉన్నాయి. యాటిక్ (సీలింగ్‌కూ కప్పుకూ మధ్య ఉండే ఖాళీ) సందులు మూసే సీలింగ్, ఇన్సులేషన్, వెంటిలేషన్, హీట్ కేబుల్, ఐస్ అండ్ వాటర్ మెంబ్రేన్, మెటల్ రూఫ్, రూఫ్ రేక్ ఇలా. ఏది అమ్మేవాడు అదే అసలైన మందంటాడు. వాటి మధ్య తేడా తెలియాలంటే ముందు కట్ట ఎలా కడుతుందో తెలియాలి.

కట్టకు మూలం ఇంటి వేడి

కింద గదుల్లోని వేడిగాలి సందుల్లోంచి యాటిక్‌లోకి ఎక్కుతుంది. కప్పు చెక్క కింది నుంచి వేడెక్కి, పైనున్న స్నో అడుగు పొర కరుగుతుంది. ఆ నీరు స్నో కిందుగా జారి చూరు దాకా వస్తుంది. చూరు గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన భాగం కాబట్టి దాని కింద వేడి ఉండదు. అక్కడ నీరు మళ్లీ గడ్డకడుతుంది. రోజూ ఇదే జరిగితే గడ్డ ఎత్తు పెరిగి, దాని వెనక చిన్న చెరువు తయారవుతుంది. ఆ నీరు షింగిల్స్ కిందికి ఎదురెక్కి, మేకుల రంధ్రాల్లోంచి చెక్కలోకి, ఇన్సులేషన్‌లోకి, చివరికి మీ సీలింగ్‌లోకి దిగుతుంది.

అమెరికా సైన్యానికి చెందిన శీతల ప్రాంతాల పరిశోధనశాల, న్యూహాంప్‌షైర్‌లోని హానోవర్‌లో ఉన్నది, భవనాల మీద కొలతలు తీసి ఒక లెక్క చెప్పింది. బయట 22 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నప్పుడు యాటిక్ 30 దాటకుండా ఉంచగలిగితే ఇబ్బందిపెట్టేంత ఐస్ కట్టదు. ఇంట్లో పరీక్షకు ఇది చక్కని కొలబద్ద. పదిహేను, ఇరవై డాలర్ల వైర్‌లెస్ థర్మామీటర్ సెన్సర్ ఒకటి యాటిక్‌లో వేలాడదీసి, బయట ఇరవైల్లో ఉన్న రాత్రి చూడండి. లోపల 45 కనబడితే రోగం ఎక్కడుందో తెలిసినట్టే.

చూరుకు వేలాడే మంచు ఊడలన్నీ ప్రమాదం కాదు. గట్టర్ (చూరు వెంట నీరు పట్టే దోనె) అంచునుంచి సన్నగా వేలాడితే కంగారు పడనక్కర్లేదు. గట్టర్ వెనకనుంచో, చూరు కింది పలక రంధ్రాల్లోంచో ఊడలు దిగుతుంటే మాత్రం నీరు ఇప్పటికే లోపలికి వచ్చింది.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది యాటిక్ రకం. లోపలికి పాకి వెళ్లి పనిచేయగల ఖాళీ యాటిక్ ఉందా, లేక సీలింగే వాలుగా ఉండి కప్పుకు అంటుకుపోయిందా? కేథడ్రల్ సీలింగ్, పాత కేప్‌కాడ్ ఇళ్లు రెండో రకం. సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

రెండోది షింగిల్స్ వయసు. ఇరవై ఏళ్లు దాటిన కప్పును ఎలాగూ కొన్నేళ్లలో మార్చాల్సి రావచ్చు. ఆరేళ్ల కప్పును మెంబ్రేన్ కోసం పీకడం దండగ.

మూడోది, కప్పు ఎవరిది? టౌన్‌హౌస్ అయితే ఏది ఎవరిదో చెప్పే దస్తావేజు, మాస్టర్ డీడ్ చదవండి. చాలాచోట్ల కప్పు, గట్టర్లు హెచ్‌ఓఏవి (ఇళ్ల యజమానుల సంఘానివి), లోపలి ఇన్సులేషన్ మీది. అడగకుండా కేబుల్ క్లిప్పులు కొడితే నోటీసు మీకే వస్తుంది.

ఇక సంక్రాంతికి మూడు నాలుగు వారాలు ఇండియా వెళ్లే అలవాటు ఉందా అన్నదీ చూడాలి. సరిగ్గా స్నో పడే రోజుల్లోనే ఇల్లు ఖాళీగా ఉంటుంది. మనిషి చేత్తో చేయాల్సిన పరిష్కారాలు ఆ నెలలో పనికిరావు.

యాటిక్‌లో సందులు మూయడం, ఆపైన ఇన్సులేషన్

అన్నిటిలో మూలాన్ని పట్టేది ఇదొక్కటే. యాటిక్ ఉన్న ఇంట్లో మొదటి డాలరు ఇక్కడే పెట్టాలి. కాని దీన్ని సగం చేసి వదిలేసేవాళ్లే ఎక్కువ. కాంట్రాక్టర్ వస్తాడు, గొట్టంతో సెల్యులోజ్ (కాగితపు పీచు ఇన్సులేషన్) ఊదుతాడు, రెండు గంటల్లో వెళ్లిపోతాడు. కింద సందులు అలాగే ఉంటాయి. ఇన్సులేషన్ గాలిని వడకడుతుందే తప్ప ఆపదు. పాత ఫైబర్‌గ్లాస్ మీద నల్లటి మసి మరకలు కనబడ్డ చోటల్లా గాలి కారుతోందని అర్థం.

పని వరుస ఇది. ముందు ఉన్న ఇన్సులేషన్ పక్కకు జరిపి సందులు వెతకాలి. గోడల పైచెక్కల వెంబడి, ప్లంబింగ్ గొట్టం చుట్టూ, వైర్లు దిగే రంధ్రాల దగ్గర క్యాన్ ఫోమ్ సరిపోతుంది. చిమ్నీ, ఫర్నేస్ పొగగొట్టం చుట్టూ మాత్రం ఫోమ్ వాడకూడదు. అక్కడ రేకు ముక్క కోసి బిగించి, అధిక వేడిని తట్టుకునే కాల్క్ (సందు పూడ్చే ముద్ద) పెట్టాలి, ఇన్సులేషన్ తగలకుండా రేకుతోనే చుట్టూ గట్టు కట్టాలి. సీలింగ్‌లోకి దించి బిగించే పాత రీసెస్డ్ లైట్లు పెద్ద దొంగలు. వాటి బదులు గాలి చొరని, ఇన్సులేషన్ తగిలినా ఫర్వాలేని రకం వేయాలి. యాటిక్ మూత చుట్టూ రబ్బరు పట్టీ అంటించి, మూత వీపున రెండంగుళాల ఫోమ్ బోర్డు రెండు పొరలు అతికించాలి. మడత నిచ్చెన ఉంటే పైన పెట్టె లాంటి కవర్ కావాలి. రెండు టౌన్‌హౌస్‌ల మధ్య గోడ సందుకు మామూలు ఫోమ్ కాదు, మంటను ఆపే రకం సీలెంట్ వాడాలి.

తర్వాత ఫ్యాన్లు. బాత్‌రూమ్ ఫ్యాన్ గొట్టం యాటిక్‌లో తెరిచి వదిలేస్తే ఆ ఆవిరి చెక్కకు పట్టి బూజు కడుతుంది. కిచెన్ ఎగ్జాస్ట్ అయితే మరీ ఘోరం, మన వంటల ఆవిరీ తాలింపు జిడ్డూ అంతా అక్కడ చేరుతుంది. రెండూ కప్పులోంచో పక్కగోడలోంచో పూర్తిగా బయటికి పోవాలి. చూరు కింది పలకలోకి వదిలితే అదే తడిగాలి పక్క రంధ్రంలోంచి మళ్లీ లోపలికొస్తుంది.

ఇవన్నీ అయ్యాకే ఇన్సులేషన్ మందం సంగతి. ఇన్సులేషన్ వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత ఆర్. ఉత్తరాది చలి రాష్ట్రాలకు ఎనర్జీ స్టార్ (ప్రభుత్వ ఇంధన పొదుపు కార్యక్రమం) సూచన, ఖాళీ యాటిక్‌కు ఆర్-60. ఊదిన సెల్యులోజ్ అంగుళానికి సుమారు ఆర్-3.5 ఇస్తుంది. ఆరంగుళాల పాత ఫైబర్‌గ్లాస్ ఆర్-19 అనుకుంటే ఇంకా ఆర్-41 కావాలి, అంటే దాని మీద పన్నెండంగుళాల సెల్యులోజ్. చూరు దగ్గర ఇది గాలి దారిని మూసేయకుండా ప్రతి రెండు వాసాల మధ్యా బ్యాఫిల్ (గాలి దారి తెరిచి ఉంచే పలక) బిగించి, కప్పు చెక్కకూ ఇన్సులేషన్‌కూ మధ్య కనీసం అంగుళం సందు ఉంచాలి. బ్యాఫిళ్లు ముందు, ఊదడం తర్వాత. వరుస తిరగబడితే చూరు మూసుకుపోయి రెండో పనికి డబ్బు పెట్టాల్సి వస్తుంది.

రెండు జాగ్రత్తలు. పాత ఇంటి యాటిక్‌లో బూడిదరంగు గులకరాళ్లలాంటి వర్మిక్యులైట్ ఉంటే కదిలించకండి, అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పరీక్ష చేయించాలి. గ్యాస్ వాటర్ హీటర్ పొగ దానంతటదే పైకిపోయే పాత రకమైతే, ఇల్లు బిగించాక పొగ వెనక్కి రాకుండా ఉందో లేదో కొలిపించాలి.

వెంటిలేషన్: తోడు పనివాడు, పెద్దరికం ఇవ్వొద్దు

చూరునుంచి చల్లగాలి ఎక్కి కొప్పునుంచి బయటపడితే కప్పు చెక్క చల్లగా ఉంటుంది. పైనా కిందా సమంగా ఉంటే కోడ్ (ఇళ్ల నిర్మాణ నిబంధనలు) లెక్క, యాటిక్ నేల వైశాల్యంలో 300కు 1. అంటే 1,500 చదరపు అడుగుల యాటిక్‌కు 5 చదరపు అడుగులు, 720 చదరపు అంగుళాల నికర రంధ్రం. సగం చూరులో, సగం కొప్పులో. అడుగుకు 18 చదరపు అంగుళాలిచ్చే కొప్పు వెంటు ఇరవై అడుగులు చాలు. సందులు మూయకుండా కొప్పు వెంటు ఒక్కటే పెట్టిస్తే ఇంటి వేడిని ఇంకా ఎక్కువ పీలుస్తుంది. కరెంటు యాటిక్ ఫ్యాన్ సంగతి అంతకంటే హీనం. చలికాలంలో తిరిగితే, మీరు డబ్బు పోసి వేడిచేసిన గాలిని అది సీలింగ్ సందుల్లోంచి పైకి లాగుతుంది.

ఐస్ అండ్ వాటర్ మెంబ్రేన్: కప్పు మార్చే రోజే అవకాశం

ఇది తారు, పాలిమర్ కలిసిన జిగురు పొర. షింగిల్స్ కింద చెక్కకు అంటుకుంటుంది. మేకు దిగితే దాని చుట్టూ బిగుసుకుని నీరు కారనివ్వదు. కట్ట కట్టకుండా ఇది ఆపదు. కట్టినా నీరు లోపలికి రాకుండా ఆపుతుంది. మన డాబా వాటర్‌ప్రూఫింగ్‌కు ఇక్కడ దగ్గరి చుట్టం ఇదే, కాకపోతే పైన కాక కింద ఉంటుంది.

మోసపోయేది కొలత దగ్గర. చూరు అంచునుంచి మొదలై బయటి గోడ గీతకు లోపలివైపు కనీసం 24 అంగుళాల దాకా ఇది ఉండాలని కోడ్ అంటుంది. ఈ 24 కప్పు వాలు వెంట కాదు, అడ్డంగా. లెక్క వేద్దాం. చూరు 18 అంగుళాలు బయటికి ఉంది, గోడ మందం 6, లోపలికి 24, మొత్తం 48. కప్పు వాలు 6:12 (అడ్డంగా 12 అంగుళాలకు 6 అంగుళాల ఎత్తు) అయితే వాలు వెంట సుమారు 54 అంగుళాలు. రోల్ వెడల్పు 36 అంగుళాలు. అంటే ఒక వరుస చాలదు, రెండు వేయాలి. కొటేషన్‌లో "చూరుకు ఒక వరుస" అని రాసుంటే అక్కడే ఆపండి. రెండు వైపులా నలభై అడుగుల చూరున్న ఇంటికి 160 అడుగులు, 75 అడుగుల రోళ్లు మూడు సరిపోతాయి. రెండు కప్పులు కలిసే వాలుకాలువలకు, స్కైలైట్ చుట్టూ, చిమ్నీ వెనక వేసేది దీనికి అదనం. 8:12, అంతకంటే నిటారు కప్పులకైతే వాలు వెంట కనీసం 36 అంగుళాలన్న షరతు కూడా ఉంది.

చలి ఎక్కువైతే జిగురు పట్టదు. చాలా రకాలకు 40 డిగ్రీలు దాటిన రోజు కావాలి, అందుకే నవంబరు ముగిసేలోపు చేయించుకోవడం మంచిది. కప్పు మొత్తానికీ ఇదే వేసేస్తామని కొందరు ఊరిస్తారు. దీనిగుండా ఆవిరి పోదు. యాటిక్ తడిగా ఉంటే చెక్క కింది నుంచి కుళ్లుతుంది. వాలు చాలా తక్కువున్న చోట తప్ప అది అనవసరం.

హీట్ కేబుల్: కట్టలో కాలువ తీస్తుంది, కట్టను తీయదు

చూరు వెంట జిగ్‌జాగ్‌గా పరిచే కరెంటు తీగ ఇది. మధ్యలో కరిగిన దారులు తెరుచుకుని నీరు కిందికి పోతుంది. మంచి రకం సెల్ఫ్ రెగ్యులేటింగ్, చలినిబట్టి తానే వాటేజి మార్చుకుంటుంది. చవకది ఎప్పుడూ ఒకేలా కాలుతుంది, తన మీద తాను పడితే ఆ చోట మాడిపోతుంది.

ఖర్చు కొనుగోలులో తక్కువ, వాడుకలో ఎక్కువ. నలభై అడుగుల చూరుకు జిగ్‌జాగ్ సుమారు 110 అడుగులు, గట్టర్ లోపల 40, కింది గొట్టంలో 20, మొత్తం 170. అడుగుకు 6 వాట్లయితే దాదాపు ఒక కిలోవాట్. ఆపకుండా మూడు నెలలు వెలిగితే 2,160 యూనిట్లు. యూనిట్ 20 సెంట్లయితే ఒక వైపు చూరుకే 430 డాలర్ల పైమాట, అదీ ఏటా. చలినీ తడినీ రెండిటినీ చూసి వెలిగే కంట్రోలర్ పెడితే ఇందులో చాలా మిగులుతుంది.

ఫెయిలయ్యేది మూడు చోట్ల. గట్టర్ వదిలేసి చూరుకే వేస్తే కరిగిన నీరు గట్టర్‌లో గడ్డకడుతుంది. గోడ గీత దాటి పైదాకా తీసుకెళ్లకపోతే కేబుల్ పైన కొత్త కట్ట కడుతుంది. షింగిల్‌కు మేకు కొడితే మీరే రంధ్రం చేసినట్టు, క్లిప్పులు అంటించేవి లేదా షింగిల్ అంచుకు పట్టేవి కావాలి. ప్రత్యేక సర్క్యూట్, గ్రౌండ్ ఫాల్ట్ రక్షణ (కరెంటు లీకైతే వెంటనే ఆపేది) తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ కార్డుతో నడపడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

రూఫ్ రేక్, మెటల్ రూఫ్, మిగతావి

రూఫ్ రేక్ అంటే ఇరవై అడుగుల పొడవు కర్రకు అడ్డపలక. నేల మీద నిలబడే చూరునుంచి మూడు నాలుగు అడుగుల స్నో లాగేయాలి. ఆరంగుళాలు పడగానే లాగితే తేలిక, గడ్డకట్టాక వృథా. చక్రాలున్నది కొనండి, రెండంగుళాల స్నో మిగలనివ్వండి, లేకపోతే షింగిల్ మీది ఇసుక రేణువులు ఊడొస్తాయి. నిచ్చెన ఎక్కి లాగకండి, కరెంటు తీగల దగ్గర అసలే వద్దు. అడుగున్నర మాత్రమే లాగి వదిలితే మిగిలిన స్నో అంచున కొత్త కట్ట కడుతుంది. బరువు దిగడం అదనపు లాభం. అడుగు మందం తాజా స్నో చదరపు అడుగుకు సుమారు ఐదు పౌండ్లు, ఐస్ ఒక్క అంగుళమే అంత బరువు.

మెటల్ రూఫ్ స్నోను బాగా జారుస్తుంది, ఖరీదు షింగిల్స్‌కు రెండు మూడింతలు. గుమ్మం మీద, ఏసీ యూనిట్ మీద ఒక్కసారిగా జారి పడకుండా స్నో గార్డులు పెట్టాలి. యాటిక్ వేడిగా ఉంటే దీని చూరున కూడా ఐస్ కడుతుంది. ఐస్ కోసమే మెటల్‌కు వెళ్లడం నా లెక్కలో తప్పు ఎంపిక.

| పద్ధతి | మూలాన్ని ఆపుతుందా | ఎప్పుడు చేయాలి | మీరు ఊళ్లో లేకపోతే | ఎవరికి తగదు |
|---|---|---|---|---|
| సందులు మూయడం, ఇన్సులేషన్ | ఆపుతుంది | చల్లగా ఉండే వసంతం, శరత్తు | పనిచేస్తుంది | యాటిక్ లేని వాలు సీలింగ్‌కు |
| వెంటిలేషన్ | కొంతవరకు | సందులు మూశాకే | పనిచేస్తుంది | కొప్పు చిన్నదై గాలి దారి లేని కప్పుకు |
| మెంబ్రేన్ | లేదు, నీటిని ఆపుతుంది | కప్పు మార్చేటప్పుడు | పనిచేస్తుంది | కొత్త కప్పున్నవారికి |
| హీట్ కేబుల్ | లేదు | స్నో పడకముందే | కంట్రోలర్ ఉంటేనే | అనుమతి లేని టౌన్‌హౌస్‌కు |
| రూఫ్ రేక్ | లేదు | ప్రతి స్నో తర్వాత | పనిచేయదు | మూడంతస్తుల ఇంటికి |

మీ ఇల్లు ఏ రకం?

యాటిక్ ఉంది, కప్పు పదేళ్ల లోపుది: సందులు మూయించండి, బ్యాఫిళ్లు, ఇన్సులేషన్. ఆ ఏడాదికి రేక్ ఒకటి కొనుక్కోండి. కేబుల్ అక్కర్లేదు. కొటేషన్‌లో ఎయిర్ సీలింగ్ విడి పద్దుగా ఉందో లేదో, బ్లోయర్ డోర్ పరీక్ష (తలుపులో ఫ్యాన్ పెట్టి ఇంట్లోంచి గాలి ఎంత కారుతుందో కొలిచేది) పనికి ముందూ తర్వాతా చేస్తారో లేదో అడగండి. ఇన్సులేషన్ మీద ఉన్న 30 శాతం ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. పాత కరపత్రం చూపించి అది వస్తుందనేవాణ్ని నమ్మకండి. రాష్ట్ర, కరెంటు కంపెనీ పథకాలు వేరే, మసాచుసెట్స్‌లో మాస్ సేవ్ లాంటివి. ముందు వాటి ఎనర్జీ ఆడిట్ పిలిపించుకుంటే సందుల చిట్టా కూడా చేతికొస్తుంది.

కప్పు ఇరవై ఏళ్లది: యాటిక్ పని ఇప్పుడే, మెంబ్రేన్ కప్పుతోపాటు. కప్పు వాళ్ల చేత ఆ రోజే చూరులో వెంటు రంధ్రాలు మూసుకుపోయాయేమో చూపించుకోండి.

కేథడ్రల్ సీలింగ్, కేప్‌కాడ్: కష్టమైన ఇల్లు ఇదే. లోపలినుంచి వాసాల మధ్య క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్, లేదా కప్పు మార్చేటప్పుడు చెక్క పైన గట్టి ఫోమ్ బోర్డులు. రెండూ ఖరీదే. అప్పటిదాకా హీట్ కేబుల్ న్యాయమైన ఎంపిక, ఇక్కడ దాన్ని తప్పుపట్టలేం.

బిల్డర్ నుంచి కొత్త ఇల్లు: మొదటి చలికాలం వారంటీలోనే థర్మల్ కెమెరాతో యాటిక్ చూపించండి. న్యూజెర్సీలో పనితనపు లోపాల వారంటీ మొదటి ఏడాదే. ఇన్సులేషన్ పడని మూల కనబడితే ఫొటోతో రాతపూర్వకంగా పెట్టండి.

ఇప్పుడే కారుతుంటే

బకెట్ పెట్టండి. సీలింగ్ ఉబ్బితే అత్యంత కిందికి దిగిన చోట స్క్రూడ్రైవర్‌తో చిన్న రంధ్రం చేస్తే నీరు ఒకేచోట దిగి, మొత్తం పలక ఊడిపడదు. పాత మేజోళ్లలో కాల్షియం క్లోరైడ్ నింపి, కట్టకు అడ్డంగా కాక నిలువుగా, పైనుంచి అంచు దాటి వేలాడేలా వేస్తే అక్కడ కాలువ తెరుచుకుంటుంది. రాతి ఉప్పు వద్దు, గట్టర్‌నూ కింది మొక్కలనూ తింటుంది. యాటిక్‌లోకి వెళ్లగలిగితే కారుతున్న చోటుకు టేబుల్ ఫ్యాన్‌తో చల్లగాలి కొట్టిస్తే కారడం తాత్కాలికంగా ఆగుతుంది. గొడ్డలి, సుత్తి, ప్రెషర్ వాషర్ పట్టుకుని ఎక్కకండి, ఐస్‌తోపాటు షింగిల్ కూడా పోతుంది. డబ్బున్నా లేకున్నా స్టీమ్‌తో తీసేవాళ్లనే పిలవాలి. గంటకు వందల డాలర్లు తీసుకుంటారు, కప్పు మిగులుతుంది. తుడిచేముందు ఫొటోలు తీసుకోండి. ఉన్నట్టుండి లోపలికొచ్చిన నీటి నష్టాన్ని ఇంటి బీమా తరచు భరిస్తుంది, యాటిక్ బాగుచేసే ఖర్చును భరించదు.

ఇండియా టికెట్లు డిసెంబరుకు బుక్కయి ఉంటే థర్మోస్టాట్ 55 కంటే దించకండి, పైపులు గడ్డకడతాయి. ఇంట్లోకి నీరొచ్చే మెయిన్ వాల్వ్ దగ్గర నీళ్లు కట్టేయండి. కేబుల్ ఉంటే కంట్రోలర్ ఒకసారి నడిపి చూసుకోండి, లేకపోతే ఆరంగుళాలు పడిన ప్రతిసారీ వచ్చి చూరు లాగేలా స్నో తీసేవాళ్లతో ముందే మాట్లాడి, తాళం చెవి ఇచ్చిన పొరుగువాళ్లకు పైగది సీలింగ్ ఎక్కడ చూడాలో ఫొటో పంపి వెళ్లండి.